గవర్నర్ సంతకం, నాయన పాస్‌బుక్కు

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దిక్కు పల్లె. తాత నుంచి వచ్చిన పట్టా భూమి నాలుగెకరాల పది గుంటలు. ధరణి (భూరికార్డుల ఆన్‌లైన్ పోర్టల్) వచ్చినప్పుడు కొత్త పాస్‌బుక్కుల ఎకరం ముప్పై గుంటలు తక్కువ ఎక్కింది. నాయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిండు. ఇప్పుడు హైదరాబాద్‌ల ఉండే ఒకాయన ‘రాజ్‌భవన్‌ల నాకు మనుషులున్నరు, గవర్నర్‌తోని కలెక్టర్‌కు ఆర్డర్ ఇప్పిస్త’ అని నలభై వేలు అడుగుతుండు. నమ్మకానికి ఫోన్‌ల ఒక జీవో చూపెట్టిండు. దాని కింద ‘గవర్నర్ పేరిట’ అని ఉంది. నాయన వడ్ల పైసలు తీసిపెట్టిండు. ‘ఎన్టీఆర్‌నే కుర్చీ దించిన గవర్నర్‌కు తహసీల్దారు ఒక లెక్కనా’ అంటడు. నేను గ్రూప్స్‌కు చదువుతున్న. గవర్నర్ ఉత్త రబ్బరు స్టాంపు అని చెప్తే, ‘నీ పుస్తకాలు నీ దగ్గర్నే పెట్టుకో’ అన్నడు. మాలో ఎవరిది నిజం? నాయనకు ఎట్ల చెప్పాలె?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

చెల్లె, ముందు పైసల సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వనీయకు. గవర్నర్‌కు అర్జీ పెట్టుకోవడానికి మధ్యలో మనిషి అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి, జిరాక్సులు జతచేసి స్పీడ్ పోస్టులో పంపితే చాలు. ఆ మధ్య ఒక గవర్నర్ 2022లో గేటు బయటే ఫిర్యాదుల పెట్టె పెట్టించారు, మహిళా దర్బార్ కూడా నడిపారు. దేనికీ ఫీజు లేదు. కానీ ఆ అర్జీ ఎటు పోతుందో కూడా తెలుసుకో. అక్కడి నుంచి సంబంధిత శాఖకు, శాఖ నుంచి కలెక్టరేటుకు, కలెక్టరేటు నుంచి మీ మండలానికి వస్తుంది. ఏ బల్ల ముందు నిలబడి మీ నాయన విసిగిపోయాడో చివరికి ఆ బల్ల మీదికే చేరుతుంది. నలభై వేలు ఇచ్చినా దారి ఇదే, ఇవ్వకపోయినా ఇదే.

ఆ జీవో దొంగది కాకపోవచ్చు. కిటుకంతా అక్కడే ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏదో ఒక జీవో తెరిచి నాయనకు చూపించు. పైన శాఖ పేరు, నంబరు, తేదీ. మధ్యలో విషయం. కింద బ్రాకెట్లలో, తెలంగాణ గవర్నర్ పేరిట, వారి ఉత్తర్వు మేరకు అని ఇంగ్లిష్‌లో ఒక లైను. ఆ లైను కింద సంతకం మాత్రం శాఖ కార్యదర్శిది. ఇంకా కిందికి పోతే ఎవరెవరికి కాపీలు పంపారో ఆ జాబితా, చిట్టచివర సెక్షన్ ఆఫీసర్ సంతకం. ఒక ఇంజనీర్‌ను బదిలీ చేసినా, ఒక రోడ్డుకు నిధులిచ్చినా ఆ లైను ఉండాల్సిందే. వాటిలో చాలావరకు గవర్నర్ కంట కూడా పడవు. రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం గవర్నర్‌దని 154వ అధికరణం చెబుతుంది, ఉత్తర్వులన్నీ ఆయన పేరిటే రావాలని 166 చెబుతుంది. మంత్రివర్గం సలహా మేరకు నడుచుకోవాలని 163 కట్టు వేస్తుంది. శంషేర్ సింగ్ కేసులో 1974లో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది: రాజ్యాంగం విడిగా వదిలిన కొద్ది సందర్భాల్లో తప్ప గవర్నర్ సొంతంగా పాలించడు. కాబట్టి ఒక రైతు విస్తీర్ణం సరిచేయమని కలెక్టర్‌కు నేరుగా ఆర్డర్ వేసే అధికారం ఆయనకు లేదు. 167వ అధికరణం కింద ముఖ్యమంత్రిని సమాచారం అడగొచ్చు, అంతే.

ఇక నాయన మాట. దాన్ని కొట్టిపారేయకు, ఆయన గాలిలోంచి తెచ్చింది కాదు. 1984 ఆగస్టు 16న ఏం జరిగిందో ఆ తరం కళ్లారా చూసింది. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే వచ్చారు. గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. బలం నాకుంది, సభలోనే తేల్చుకుంటానని ఎన్టీఆర్ అన్నా వినలేదు. ఊళ్లలో బస్సులు ఆగాయి, బజార్లు మూతపడ్డాయి. ‘ఒక్క సంతకంతో అంతటి మనిషిని దించేశారు’ అన్న మాట అప్పటి వాళ్ల మనసులో ముద్ర పడిపోయింది.

కానీ కథలో రెండో సగం కూడా ఉంది, నాయనకు చెప్పాల్సింది అదే. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను కర్ణాటకలో ఉంచి కాపాడుకున్నారు. చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు వాళ్లను నిలబెట్టారు. ఆగస్టు గడవకముందే రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల. దించిన గవర్నరే కుర్చీ పోగొట్టుకున్నాడు, దిగినాయన తిరిగొచ్చి కూర్చున్నాడు. తర్వాత పదేళ్లకు, 1994లో, బొమ్మై కేసులో సుప్రీంకోర్టు బలపరీక్ష సభలోనే జరగాలి, గవర్నర్ గదిలో కాదని తేల్చింది. ఇప్పుడు ఏ గవర్నరైనా రాంలాల్ పని చేయబోతే కోర్టు తెల్లారేలోపే తలుపు తెరిచి కూర్చుంటుంది.

నాయన నమ్మకానికి ఇంకో పాత వేరు కూడా ఉందని నా అనుమానం. అది మీ తాత కాలంనాటిది. మన నల్లగొండ, పాలమూరు జిల్లాలకు ఇంగ్లిష్ గవర్నర్ల పాలన తెలియదు. అది కృష్ణకు అవతల మద్రాసు రాష్ట్రంలో. ఇక్కడ నిజాం, ఆయన తాలూక్‌దార్లు, కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు. మన పల్లెలు గవర్నర్ అనే మనిషిని మొదట చూసింది 1948 సెప్టెంబర్‌లో, పోలీసు చర్య తర్వాత. ఆయన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, మిలిటరీ గవర్నర్. శాసనసభ లేదు, ఎన్నికైన మంత్రులు లేరు. ఆయన మాటే చట్టం. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టులో వచ్చింది ఆయన హయాంలోనే. తరాల నుంచి జాగీర్దారుకు కట్టిన శిస్తు ఒక్కసారిగా సర్కారు ఖాతాలోకి మారింది. సంతకంతో భూముల తలరాత మార్చిన గవర్నర్ మన నేల మీద నిజంగానే ఉన్నాడు, చెల్లె. అదే సమయంలో కమ్యూనిస్టుల మీదికి మిలిటరీ క్యాంపులు దిగిందీ మన ఊళ్ల మీదే, అది వేరే కథ. నల్లగొండ ముసలివాళ్లు ఇప్పటికీ ‘మిలిటరీ వచ్చినప్పుడు’ అని వయసులు లెక్కగట్టడం నువ్వు వినే ఉంటావు.

ఆ తర్వాత 1950 జనవరి 26 నుంచి నిజామే హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. గవర్నర్‌తో సమానమైన పదవి, అధికారం మాత్రం మంత్రివర్గానిది. ఎవరి పేరు చెబితే వణికేవాళ్లో ఆయనే మంత్రుల సలహా మేరకు సంతకాలు పెట్టే రోజు వచ్చింది. కౌలుదార్ల చట్టం, మన ఊళ్లలో 38ఇ అంటారే, దాని మూలం 1950 నాటి ఆ చట్టమే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజ్‌ప్రముఖ్ పదవి పోయి, సి.ఎం. త్రివేది గవర్నర్‌గా వచ్చారు.

చౌధురి లాంటి గవర్నర్ మనకు వద్దనే రాజ్యాంగం రాసినవాళ్లు అనుకున్నారు. మొదట్లో గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకోవాలనే ఆలోచన ఉండేది. 1949 మేలో దాన్ని పక్కన పెట్టారు. ఓట్లతో గెలిచిన గవర్నర్, ఓట్లతో గెలిచిన ముఖ్యమంత్రి ఒకే రాష్ట్రంలో ఉంటే ఎవరి మాట నెగ్గాలన్న పంచాయితీ రోజూ తప్పదని భయపడ్డారు. గవర్నర్‌కు తనంతట తాను చేసే పనులేమీ లేవని అంబేడ్కర్ సభలో తేటగా చెప్పారు. అలా రాష్ట్రపతి నియమించే, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం ఉండే గవర్నర్ మనకు మిగిలాడు. ఇష్టమంటే ఆచరణలో కేంద్ర ప్రభుత్వం ఇష్టమే. ఈ పదవి మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే: జీతం రాష్ట్ర ఖజానాది, చూపు ఢిల్లీ వైపు.

ఇంతవరకు వాదనలో నీదే పైచేయి. కానీ రబ్బరు స్టాంపు అన్న నీ మాట కూడా నిలవదు. గ్రూప్స్ పేపర్లో అలా రాస్తే మార్కులు పోతాయి.

మన పాలమూరు మనిషి కథే తీసుకో. బూర్గుల రామకృష్ణారావు కల్వకుర్తి దగ్గరి పడకల్లులో పుట్టారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి. 1956లో రాష్ట్రం కలిసిపోయాక ఆయన్ను కేరళ గవర్నర్‌గా పంపారు. మరుసటి ఏడే అక్కడ ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం గెలిచింది. ప్రమాణం చేయించింది బూర్గుల. తెలంగాణ సాయుధ పోరాటపు చివరి రోజులను దగ్గర్నుంచి చూసినాయన, రావి నారాయణరెడ్డి 1952లో నల్లగొండలో నెహ్రూను మించిన ఓట్లతో గెలవడం చూసినాయన, ఇప్పుడు కమ్యూనిస్టుల చేత ప్రమాణం చేయిస్తున్నాడు. ఆ ప్రభుత్వం తెచ్చిన విద్యా బిల్లును ఆయన సంతకం పెట్టకుండా రాష్ట్రపతి పరిశీలనకు పంపారు, అక్కడి నుంచి అది సుప్రీంకోర్టు అభిప్రాయానికి వెళ్లింది. రాష్ట్రంలో ఆందోళనలు ముదిరాక ఆయన నివేదిక ఢిల్లీ చేరింది. 1959 జూలై 31న, సభలో మెజారిటీ చెక్కుచెదరకుండా ఉండగానే, రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం కింద ఆ ప్రభుత్వాన్ని తీసేశారు. అసలు నిర్ణయం ఢిల్లీదే. కానీ కాగితం కదిలింది మాత్రం గవర్నర్ బల్ల మీద నుంచే. స్టాంపు అలాంటి పనులు చేయదు. ఆ తర్వాత బూర్గుల ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా వెళ్లారు. షాద్‌నగర్ మీదుగా పోతే ఎప్పుడైనా బూర్గుల ఊరు చూడు, ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడింది.

ఇక బిల్లులు. 200వ అధికరణం ప్రకారం సభ ఆమోదించిన బిల్లు మీద గవర్నర్ సంతకం పెట్టాలి, లేదా ఆపి సభకు తిప్పి పంపాలి, లేదా రాష్ట్రపతికి పంపాలి. ఏదీ చేయకుండా అట్టే పెట్టుకుంటే? మన దగ్గర అదే గొడవ అయింది. పెండింగ్ బిల్లుల మీద తెలంగాణ ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. వీలైనంత త్వరగా అన్న మాట రాజ్యాంగంలో ఊరికే రాయలేదని కోర్టు గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం గడువులు పెట్టింది, పది బిల్లులకు ఆమోదం దొరికినట్టే అంది. అదే ఏడు నవంబర్ 20న అయిదుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా, గడువులు మేము పెట్టలేం, సంతకం లేకుండా ఆమోదం అనుకోలేం, కానీ కారణం చెప్పకుండా ఏళ్లకేళ్లు కూర్చుంటే ప్రశ్నిస్తాం అని చెప్పింది. నువ్వు చదివే పుస్తకం 2025కు ముందుదైతే ఈ పేజీ మార్చుకో, పరీక్షలో ఖాయంగా అడుగుతారు. బీసీ రిజర్వేషన్ల బిల్లులు 2025లో రాష్ట్రపతికి వెళ్లింది కూడా ఈ దారినే.

గవర్నర్‌కు భూమి మీద నిజంగా చెయ్యి ఉన్న చోటు ఒకటి మీకు దగ్గర్లోనే ఉంది. డిండి దాటి అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ గుట్టలెక్కితే చెంచుల ఊళ్లున్న షెడ్యూల్డ్ ప్రాంతం వస్తుంది. అయిదో షెడ్యూల్ ప్రకారం అక్కడ ఏ చట్టం వర్తించాలో, ఏది వర్తించకూడదో గవర్నర్ నోటిఫికేషన్‌తో చెప్పొచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో భూముల మీద రెగ్యులేషన్లు కూడా చేయొచ్చు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది శాసనసభ చేసిన చట్టం కాదు. గిరిజనుల భూములు ఇతరుల చేతుల్లోకి పోకుండా 1959లో చేసిన రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు తెచ్చారు. 1970లో, ఖండూభాయ్ దేశాయ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు, దాన్ని సవరించి బిగించారు. అక్కడ గిరిజనేతరుడి పేరిట భూమి రాయించుకోవడం కుదరదంటే దాని వెనక ఉన్నది గవర్నర్ సంతకం. కాకపోతే మీ భూమి డిండికి ఇవతల ఉంది, నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. కాబట్టి మీకు ఆ దారి పనిచేయదు.

మీ పాస్‌బుక్కుకు, గవర్నర్‌కు ఉన్న సంబంధం ఇంకొకటుంది, అది ఇప్పటికే అయిపోయింది. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి బిల్లును శాసనసభ 2024 డిసెంబర్‌లో ఆమోదించింది. గవర్నర్ 2025 జనవరిలో సంతకం చేశారు. ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. గవర్నర్ మీ నాయనకు చేయగలిగిన మేలు ఆ సంతకంతోనే చేసేశారు. ఎందుకంటే ధరణిని తెచ్చిన 2020 చట్టంలో రెవెన్యూ కోర్టులు తీసేశారు, తహసీల్దారు కాదంటే పైకి అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు పోవాల్సిందే. నాయన ఇన్నాళ్లు తిరిగి అలసిపోవడానికి సగం కారణం అది. కొత్త చట్టంలో తహసీల్దారు మీద ఆర్డీవోకు, ఆర్డీవో మీద కలెక్టర్‌కు, ఆ పైన ట్రైబ్యునల్‌కు అప్పీలు ఉంది. విస్తీర్ణం తేడా లాంటి సవరణలు ఆర్డీవో, కలెక్టర్ స్థాయిలో విచారించి చేస్తారు. దేవరకొండలోనే ఆర్డీవో ఆఫీసు ఉంది, పట్నం దాకా పోయే పనే లేదు.

కాగితాలు మాత్రం గట్టిగా ఉండాలి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన పాత రికార్డు) సర్టిఫైడ్ నకలు తీసుకోండి, సేత్వార్‌లో (సర్వే నంబర్ల అసలు రిజిస్టరు) ఆ సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం ఎంతో చూడండి. పాత పాస్‌బుక్కు, ధరణికి ముందటి పహాణీలు, తాత నుంచి నాయనకు విరాసత్ (వారసత్వ మార్పిడి) అయిన ఉత్తర్వు ఒక్క ఫైలులో పెట్టండి. ఆ సర్వే నంబరులో మిగతా పట్టాదారుల లెక్కలు కూడా కూడి చూడు. చాలాసార్లు ఒకరి దగ్గర తగ్గింది పక్కవాళ్ల ఖాతాలో ఎక్కి ఉంటుంది. అలా ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. దరఖాస్తు మీసేవలో పెట్టి రసీదు తీసుకోండి. నోటిమాటగా ‘చేస్తాంలే’ అంటే ఒప్పుకోవద్దు. కాదంటే కారణంతో రాతపూర్వకంగా ఇవ్వమనండి, అప్పీలుకు ఆ కాగితమే కావాలి. అప్పీలుకు గడువు ఉంటుంది, దాటనీయకు. సోమవారం నల్లగొండ కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది, అక్కడా ఒక కాపీ ఇచ్చి నంబరు రాయించుకో. వకీలు అవసరమైతే కోర్టు ఆవరణలో న్యాయసేవల సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది.

నాయనతో వాదానికి దిగకు. పుస్తకం తెరిచి 163 అని మొదలుపెడితే ఆయన లేచి వెళ్లిపోతాడు, వెళ్లిపోవడంలో తప్పు లేదు కూడా. ఎన్టీఆర్ దగ్గర మొదలుపెట్టు. ‘నువ్వన్నది నిజమే నాయనా, దించిండు. మరి నెల తర్వాత ఏమైంది?’ అని అడుగు. ఆయనకు నీకంటే బాగా గుర్తుంటుంది, ఆయన్నే చెప్పనియ్యి. తర్వాత ఒక నాలుగు జీవోలు తెరిచి, బదిలీదొకటి, నిధులదొకటి, కింది లైను ఆయనతోనే చదివించు. ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, అన్నింటి కింద ఒకే అక్షరాలున్నాయని కళ్లకు కనిపిస్తుంది. ఇంకా గవర్నర్‌కు రాయాల్సిందే అంటే రాయనియ్యి. స్పీడ్ పోస్టు ఖర్చుతో పోతుంది, మనసుకు తృప్తి. కవరు మీద లోక్‌భవన్ అని రాయండి, 2025 చివర్లో రాజ్‌భవన్‌లకు ఆ పేరు పెట్టమన్నారు. మన నోట్లో ఇంకా పాత పేరే తిరుగుతున్నా ఉత్తరం చేరుతుంది.

అడ్వాన్సు ఏమైనా ఇచ్చారో లేదో నువ్వు రాయలేదు. ఇచ్చి ఉంటే ఫోన్‌పేలోనా చేతికా అడిగి తెలుసుకో. ఫోన్‌లో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్, ఆయన వాట్సాప్ మెసేజులు చెరపకుండా ఉంచి, పైసలు వాపసు అడుగు. ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వండి. గవర్నర్ పేరు చెప్పి వసూలు చేశాడని అందులో తప్పకుండా రాయించు.